ఆ జోళ్ళ ఖర్చు ఎవరిది?



బాలే అన్న మాట మనకి కొత్తదేం కాదు. నలుగురు పిల్లలు కలిసి కృష్ణలీలలు ఆడినా, శ్రీనివాస కల్యాణం ఆడినా మన పత్రికలవాళ్ళు దాన్ని బాలే అని రాసెయ్యడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఈవేళ నేను చెప్పబోయేది ఆ బాలే సంగతి కాదు. ఇటలీ రాజుల కొలువుల్లో పుట్టి, ఫ్రాన్సులో పెరిగి, రష్యాలో నిండు వయసుకొచ్చి, అక్కణ్ణించి ఇంగ్లాండుకీ అమెరికాకీ కెనడాకీ కాపరానికి వెళ్ళిన నాట్యం ఒకటుంది చూశారూ, కాలి మునివేళ్ళ మీద నిలబడి ఆడేది, దాని సంగతి. అదీ మనకి మరీ పరాయిది కాదు లెండి. 1923లో అన్నా పావ్లోవా లండన్‌లో రాధాకృష్ణుల నాట్యం ఆడినప్పుడు పక్కన కృష్ణుడు మన ఉదయశంకరే. భరతనాట్యాన్ని పెద్ద సభల్లోకి తీసుకొచ్చిన రుక్మిణీదేవి కూడా తొలుత నేర్చుకున్నది బాలేనే, పావ్లోవా బృందంలోని ఓ నర్తకి దగ్గర.

అయితే ఆ నాట్యం గొప్పతనం చెప్పడానికి రాలేదు నేను. దాని వెనకాల ఇంటి పనులు చక్కబెట్టుకుని వచ్చి, పైసా పుచ్చుకోకుండా పనిచేసే మనుషులున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి ఆడవాళ్ళే. వాళ్ళ గురించి నాలుగు మాటలు చెబుదామని.

ముందు జోళ్ళ సంగతి చూడండి. బాలే ఆడే అమ్మాయి తొడుక్కునే జోడు పైకి గులాబీరంగు శాటిన్‌తో ముద్దుగా ఉంటుంది. మునివేళ్ళు నిలిచే చోట మాత్రం గుడ్డా, కాగితం, జిగురూ పొరలు పొరలుగా వేసి అట్టలా గట్టిపరుస్తారు. అందులో చెక్కా ఉండదు, ఇనుమూ ఉండదు. ఒంటి బరువంతా ఆ జిగురు మీదే. చెమటకి తడిసి, నేలకి తాకి తాకి అది మెత్తబడిందా, ఇక ఆ జోడు ఆయుష్షు తీరినట్టే. ముఖ్యపాత్ర వేసే అమ్మాయికి ఒక్కోసారి ఒక్క రాత్రి ఆటకే ఒక జత అయిపోతుంది. ఏడాది తిరిగేసరికి వంద జతలు దాటేవాళ్ళున్నారు. కొత్త జోడు పెట్టెలోంచి తీసి తొడుక్కుని పోవడానికీ లేదు. రిబ్బన్లు ఎవరివి వాళ్ళే కుట్టుకోవాలి, ముందు కొసని దారంతో అల్లుకోవాలి, అడుగు వంచి, నేలకేసి నాలుగు బాది చప్పుడు తగ్గించుకోవాలి. ఒక రాత్రి నిలిచే దానికోసం ఇంత శ్రమ!

యాభై అరవైమంది నర్తకులున్న బృందానికి ఏడాదిలో జోళ్ళకే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. జోళ్ళు పోగా దుస్తులు, తెరలు, దీపాలు, వాద్యబృందం, రాకపోకలు ఉండనే ఉన్నాయి. హాలు కిక్కిరిసిపోతే ఇదంతా టిక్కెట్ల మీద వచ్చేస్తుంది కదా అంటారేమో. రాదు. హాల్లో కుర్చీలు ఎన్నున్నాయో అన్నే. రేటు పెంచుకుంటూ పోతే చూసేవాళ్ళు తగ్గిపోతారు. పోనీ మనుషుల్ని తగ్గిద్దామంటే, హంసల గుంపులో ఇరవైనలుగురు ఆడాలని ఉంటే ఇరవైనలుగురూ ఆడాల్సిందే. మిల్లులో కొత్త యంత్రం వస్తే పదిమంది నేసే బట్ట ఇద్దరు నేస్తారు. నాట్యానికి అలాంటి యంత్రం లేదు. జీతాలు మాత్రం లోకంతోపాటు పెరుగుతూనే ఉంటాయి. 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు సరిగ్గా ఈ చిక్కు మీదే ఓ పెద్ద పుస్తకం రాశారు. వాళ్ళు లెక్కలు కట్టి చెప్పింది మన మేళాల పెద్దలు ఎప్పుడో చెప్పారనుకోండి, ఆట బాగుంటేనే చాలదు, పోషించేవాడుండాలని. కూచిపూడి అగ్రహారం తానీషా ఇచ్చాడని మనం ఈనాటికీ చెప్పుకోవడం లేదూ?

ప్రజాస్వామ్యంలో తానీషా ఎక్కణ్ణించి వస్తాడు? కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఇస్తుంది. ఇవ్వని చోట, ఇచ్చినా చాలని చోట ఆ లోటు పూడ్చేవాళ్ళే ఈ అభిమానుల సంఘాలవాళ్ళు. మిత్రమండలి అని, గిల్డు అని, కమిటీ అని ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు.

నాకు బాగా నచ్చిన కథ టొరాంటో నగరానిది. 1949లో ఇంగ్లాండునుంచి శాడ్లర్స్ వెల్స్ బాలే బృందం మొదటిసారిగా అమెరికా, కెనడాల పర్యటనకి వచ్చింది. ఆ ఉత్సాహం ఇంకా చల్లారకముందే టొరాంటోలో ముగ్గురు స్త్రీలు, సిడ్నీ మల్క్వీన్, పెర్ల్ వైట్‌హెడ్, ఐలీన్ వుడ్స్ అనేవాళ్ళు, మన దేశానికీ ఇలాంటిది ఉండాలని పట్టుబట్టారు. ముగ్గురిలో ఒక్కరూ వేదిక మీద ఆడేవాళ్ళు కారు. కలిగిన ఇళ్ళ ఇల్లాళ్ళు. ఆనాటి కాగితాల్లో వాళ్ళ సొంత పేర్లు కనపడవు, మిసెస్ ఫలానా అని భర్తల పేర్లే ఉంటాయి. వాళ్ళ పేర్లు వాళ్ళకి తిరిగి దక్కడానికి కొన్నేళ్ళు పట్టింది, వాళ్ళు పెట్టిన బృందం పేరు మాత్రం ముందే మోగిపోయింది.

సలహా కోసం కబురు వెళ్ళింది ఎక్కడికనుకున్నారు? లండన్‌లో ఆ శాడ్లర్స్ వెల్స్ బృందాన్ని నడిపే నినెట్ డి వాల్వా దగ్గరికే. ఆవిడ సిలియా ఫ్రాంకా పేరు చెప్పింది. ఫ్రాంకాకి అప్పుడు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. 1950 చివర్లో వచ్చి చూసి వెళ్ళింది, 1951లో మూటాముల్లే సర్దుకుని వచ్చేసింది. వచ్చేసరికి బృందమూ లేదు, హాలూ లేదు, జీతమూ లేదు! మరి తిండి ఎలా? ఈటన్ అనే పెద్ద దుకాణంలో కాగితాలు సర్దిపెట్టే గుమాస్తా పని ఇప్పించారు. పగలు ఫైళ్ళు, తక్కిన వేళల్లో నాట్యం. ఆ ఏడే దేశం ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిరిగి పిల్లల్ని ఎంచుకుంది. మార్కెట్టు పక్కనున్న సెయింట్ లారెన్స్ హాలని, వందేళ్ళ పాత కట్టడం, అందులో అభ్యాసాలు మొదలుపెట్టింది. 1951 నవంబరు 12న మొదటి ప్రదర్శన. ఎక్కడ? ఆ ఈటన్ దుకాణం వాళ్ళదే ఇంకో భవనం, దాని ఏడో అంతస్తులో ఉన్న హాల్లో. ఇప్పటి నేషనల్ బాలే ఆఫ్ కెనడా అలా పుట్టింది.

ఇదంతా సాఫీగా జరిగిపోయిందనుకోకండి. టొరాంటోలో అప్పటికే బోరిస్ వోల్కాఫ్ అనే రష్యన్ గురువు ఉన్నాడు. 1936లోనే తన శిష్యుల్ని బెర్లిన్ ఒలింపిక్సు సందర్భంగా జరిగిన నాట్యోత్సవానికి తీసుకెళ్ళిన మనిషి. విన్నిపెగ్ నగరంలో గ్వినెత్ లాయిడ్, బెటీ ఫరాలీ అనే ఇద్దరు స్త్రీలు 1939లోనే ఓ బాలే క్లబ్బు పెట్టి, దాన్ని పెద్ద బృందంగా తీర్చిదిద్దారు. ఊళ్ళో గురువుండగా, దేశంలో బృందముండగా, ఇంగ్లాండునుంచి ఒకామెను రప్పించి, పైగా ‘జాతీయ’ అని పేరు పెట్టుకోవడమేమిటని గొడవ రాకుండా ఎలా ఉంటుంది? పొరుగింటి పుల్లకూర సామెత అన్ని దేశాల్లోనూ పనికొస్తుంది. నన్నడిగితే ఇందులో రెండు పక్షాల వాదనలోనూ న్యాయముంది. వోల్కాఫ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే కొందరు కొత్త బృందంలో చేరి దానికి కాళ్ళిచ్చారు. విన్నిపెగ్ బృందం 1953లో రాజముద్ర సంపాదించుకుంది. మరుసటి ఏడే అగ్నిప్రమాదంలో దుస్తులూ తెరలూ సంగీతం కాగితాలూ బుగ్గి అయిపోయినా మళ్ళీ లేచి నిలబడింది, ఈనాటికీ నిలబడే ఉంది. ఎవరి అభిమానులు వాళ్ళకున్నారు కనకనే రెండూ బతికాయి.

కెనడాలో కళలకి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చే కౌన్సిలు 1957లో గాని రాలేదు. అంటే మొదటి ఆరేళ్ళూ ఈ బృందం బతికిందంటే చందాల మీదే, టిక్కెట్ల మీదే. ఇక్కడే గిల్డు పని కనపడుతుంది. టొరాంటోలో ఒక్కచోటే ఉంటే సరిపోదని తక్కిన ఊళ్ళల్లోనూ శాఖలు పెట్టారు. బృందం ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ముందుగానే టిక్కెట్లు అమ్మిపెట్టాలి, కార్యక్రమం పుస్తకానికి దుకాణాలవాళ్ళ దగ్గర ప్రకటనలు సంపాదించాలి.

ఆ పనులు చెప్పుకోవడానికి చిన్నవిగా ఉంటాయి. వందలకొద్దీ కవర్ల మీద చిరునామాలు రాయడం, స్టాంపులంటించడం. చందా ఇస్తానని నిరుడు చెప్పి ఈ ఏడు మరిచిపోయిన వాళ్ళకి మర్యాద చెడకుండా గుర్తుచేయడం (ఇది ఎంత కష్టమో పురాణ కాలక్షేపానికి చందాలు వసూలు చేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు). పాతబట్టల అమ్మకాలు, కేకుల అమ్మకాలు, టీ విందులు. ఆట మొదలయ్యేముందు తలుపు దగ్గర నిలబడి కార్యక్రమం పుస్తకాలు అమ్మడం. బడిపిల్లలు వచ్చిన రోజున వాళ్ళని వరసగా కూర్చోబెట్టి కథ చెప్పడం. క్రిస్మస్ రోజుల్లో నట్‌క్రాకర్ అని, అక్రోటు కాయలు పగలగొట్టే కొయ్యబొమ్మ రాజకుమారుడయ్యే కథ ఒకటి ఆడతారు. బాలే కంపెనీలకి ఏడాది టిక్కెట్ల రాబడిలో పెద్ద భాగం దాని మీదే. అందులో డజన్లకొద్దీ చిన్నపిల్లలు ఎలుకలుగా, సైనికులుగా వస్తారు. ఆ పిల్లలకి ముక్కులు తుడిచి, మరుగుకి తీసుకెళ్ళి, టోపీలు సరిచేసి, సరిగ్గా వంతు వచ్చినప్పుడు తెర పక్కకి చేర్చేది ఎవరనుకుంటున్నారు? ప్రేక్షకులు చూసేది పిల్లని, ఆ పిల్ల వెనక చెయ్యి కనపడదు.

మా ఊళ్ళో మహిళా మండలి తరఫున ఒకసారి కూచిపూడి మేళాన్ని పిలిపించినప్పుడు నాకిది అనుభవంలోకొచ్చింది. హాలు కుదిరింది, టిక్కెట్లు అమ్ముడయ్యాయి, బాగానే ఉంది. వచ్చినవాళ్ళు ఇరవైమందికి పైనే. వాళ్ళకి ఆటకి ముందు ఏం పెట్టాలి, ఆటయ్యాక అర్ధరాత్రి ఏం పెట్టాలి, రంగు కడుక్కోవడానికి కొబ్బరినూనె ఎవరు తెస్తారు, వేడినీళ్ళెక్కడ, మృదంగం ఆయనకి పత్యం కనక పులుపు లేని కూర ఎవరింట్లో వండిస్తాం? ఈ ప్రశ్నలేవీ కార్యదర్శిగారి కాగితంలో లేవు. అన్నీ మాలో ఒకావిడ మనసులో ఉన్నాయి. ఆవిడ చదువుకున్నది ఐదో తరగతి. ఆ రాత్రి ఆట జరిగిందంటే సగం పుణ్యం ఆవిడదే.

అదే సందర్భంలో ఇంకో ముచ్చట కూడా జరిగింది. పెద్ద చందా ఇచ్చిన ఒకరు, మా అమ్మాయి ఆర్నెల్లనుంచి నేర్చుకుంటోంది, సత్యభామ ప్రవేశం దరువు ఒక్కటి ఆమె చేత ఆడించండి అన్నారు. మేళం పెద్దాయన తాంబూలం పళ్ళెం మెల్లిగా పక్కకి జరిపి, “తల్లీ, మీ అన్నం తింటాం, మీ పాట కాదు” అన్నాడు. అంతే, ఆ మాట మళ్ళీ రాలేదు.

ఈ అభిమానుల సంఘాల్లో అసలు ఇరకాటం ఇక్కడే ఉంది. డబ్బు తెచ్చినవాళ్ళకి మాట చెల్లాలా, వద్దా? బాగా నడిచే కంపెనీల్లో ఒక గీత గీసి ఉంటుంది. ఏ ఆట ఆడాలి, ఎవరు ఆడాలి అన్నది కళాదర్శకుడి పని. ఆ ఆటకి హాలు నింపడం, అప్పు తీర్చడం సంఘం పని. గీత ఇటూ అటూ జరిగిన చోటల్లా మాట పట్టింపులు తప్పవు. అలాగని సంఘంవాళ్ళకి నోరే ఉండకూడదంటే అది అన్యాయం. పదేళ్ళు తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి ప్రేక్షకుల నాడి తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి తెలియదు. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. లండన్‌లో కోవెంట్ గార్డెన్‌వాళ్ళు 1962లో తమ మిత్రమండలి పెట్టినప్పుడు సభ్యులకి ఇచ్చిన గొప్ప సదుపాయం చూడండి, అభ్యాసాలు చూడనివ్వడం! పాత్రలు పంచే అధికారం ఇవ్వలేదు, తెర ఇవతలికి రానిచ్చారు. చెమట కారుతూ, మాసిన బట్టల్లో ఒకే అడుగు పదిసార్లు వేస్తున్న నర్తకిని చూసినవాళ్ళు మరుసటి ఏడు చందా మానరు. ఎంత తెలివైన ఏర్పాటో!

లండన్ మాట వచ్చింది కనక కమార్గో సొసైటీ సంగతి కూడా చెప్పాలి. 1929లో రష్యన్ బాలేని ఐరోపా అంతా తిప్పిన డయాగిలెవ్ చనిపోయాడు. ఇక ఇంగ్లాండులో బాలే ఎవరాడతారు, ఎవరు చూస్తారు అని బెంగపడిన అభిమానులు 1930లో ఈ సంఘం పెట్టారు. సభ్యులు చందా కడతారు, ఆ డబ్బుతో ఏడాదికి కొన్నిసార్లు హాలు అద్దెకి తీసుకుని కొత్త ఆటలు కట్టిస్తారు. కోశాధికారి ఎవరంటే జాన్ మేనార్డ్ కీన్స్, లోకానికే ఆర్థికశాస్త్రం చెప్పిన మహానుభావుడు! ఆయన భార్య లిడియా లొపోకోవా రష్యన్ నర్తకి, అదీ సంగతి. నినెట్ డి వాల్వా కట్టిన ‘జోబ్’, ఫ్రెడరిక్ ఆష్టన్ కట్టిన ‘ఫసాడ్’ 1931లో ఈ సంఘం తరఫునే మొదట ఆడాయి. మూడేళ్ళు గడిచేసరికి డి వాల్వా బృందం తన కాళ్ళ మీద తను నిలబడుతోంది. అప్పుడు ఈ సంఘంవాళ్ళు ఏం చేశారు? 1933లో కోవెంట్ గార్డెన్‌లో రెండు పెద్ద ప్రదర్శనలిచ్చి సంఘాన్ని ముగించారు. తాము కట్టించిన ఆటల్ని డి వాల్వా బృందానికి అప్పగించారు. ఆ బృందమే 1949లో టొరాంటోవాళ్ళు చూసింది, 1956లో రాజశాసనం పొంది రాయల్ బాలే అయింది. మన వైపు సంఘాలు పెట్టిన పని ఎప్పుడో అయిపోయినా అధ్యక్ష పదవి కోసం బతుకుతూ ఉంటాయి. కమార్గో వాళ్ళకి మూడేళ్ళు చాలింది.

సాన్‌ఫ్రాన్సిస్కో కథ వేరు. అక్కడి బృందం 1933లో ఆపెరాకి అనుబంధంగా మొదలై, 1942లో వేరు కాపురం పెట్టింది. 1944లో, యుద్ధం రోజుల్లో, అమెరికాలో నట్‌క్రాకర్ని మొదటిసారి పూర్తిగా ఆడింది వీళ్ళే. బట్టకి కరువు. పాత నాటకశాల తాలూకు ముఖమల్ తెరలు కొనుక్కొచ్చి విందు దృశ్యంలో కోట్లు కుట్టారు. ఇంటికొచ్చిన చుట్టాలకి పట్టుచీర చించి పరికిణీలు కుట్టించడం మనకి తెలియనిదా! అలా బతికిన బృందం 1974 నాటికి దివాలా అంచున నిలబడింది. మూసేయడమే మిగిలింది అన్నారు.

అప్పుడు నర్తకులే వీధిలోకి వచ్చారు. మా బాలేని కాపాడండి అని పేరు పెట్టి, బజార్లలో, నలుగురు చేరే చోటల్లా ఆడారు, డబ్బాలు పట్టుకు తిరిగారు. వాళ్ళతోపాటు అభిమానులు ఇంటింటికీ, ఆఫీసు ఆఫీసుకీ తిరిగారు. సుమారు ఐదు లక్షల డాలర్లు పోగయ్యాయి. అందులో పెద్దవాళ్ళ చెక్కులూ ఉన్నాయి, పిల్లలు తెచ్చిన చిల్లరా ఉంది. ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ మొత్తం కాదు. బాలే అంటే మెడలో ముత్యాలు వేసుకున్నవాళ్ళ వ్యవహారమనుకుని ఎన్నడూ ఆ హాలు గడప తొక్కనివాళ్ళు, బజారులో కూరగాయలు కొనుక్కుని వస్తూ ఆ అమ్మాయిల కాళ్ళు దగ్గరనుంచి చూశారు. చూసి, సంచిలోంచి చిల్లర తీశారు. తరవాత కొత్త యాజమాన్యం వచ్చింది, ఖర్చులకి కళ్ళెం పడింది, బృందం నిలదొక్కుకుంది. అదృష్టమని కొందరన్నారు. ఏళ్ళ తరబడి అభిమానుల జాబితా ఒకటి రాసి ఉంచుకున్న ఊళ్ళోనే అలాంటి అదృష్టం పడుతుంది. నిప్పంటుకున్నాక నుయ్యి తవ్వలేదు వాళ్ళు.

ఇక్కడ నాకు ఓ మూల ముల్లులా గుచ్చుకునే మాట ఒకటి ఉంది, దాచను. ఇదంతా ఉత్తి చాకిరీ కాదా? హాలువాడు అద్దె పుచ్చుకుంటాడు, దీపాలవాడు కూలి పుచ్చుకుంటాడు, అచ్చువేసినవాడు బిల్లు పంపుతాడు. కవర్ల మీద చిరునామాలు రాసిన ఆడమనిషికి మాత్రం పొగడ్త చాలా? టొరాంటో ముగ్గురి కాలంలో బాగా చదువుకుని, చాకచక్యం ఉండి, పెళ్ళయిందన్న ఒక్క కారణంతో ఉద్యోగానికి వెళ్ళని ఆడవాళ్ళు ఆ దేశాల్లో కూడా వేలల్లో ఉండేవాళ్ళు. ఒక కంపెనీ నడపగల తెలివి వాళ్ళది. జీతమిచ్చి ఆ తెలివిని వాడుకునేవాళ్ళు లేక అది గిల్డుల్లోకీ కమిటీల్లోకీ ప్రవహించింది. బాలేకి అది లాభమే, ఆ స్త్రీలకి ఎంతవరకు లాభమో ఒక్కొక్కర్నీ అడగాలి. కొందరికి అది ఇల్లు దాటడానికి దొరికిన మొదటి దారి. పద్దు రాయడం, సభలో లేచి మాట్లాడడం, మేయరుని కలిసి అడగడం అక్కడే నేర్చుకున్నారు. ఇంకొందరికి ఇంట్లో చాకిరీకి తోడు బయట చాకిరీ.

1970ల తరవాత ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి ఎక్కువగా వెళ్ళడంతో పగటిపూట తీరిగ్గా టీ విందు ఏర్పాటు చేసేవాళ్ళు తగ్గిపోయారు. సంఘాలు రూపు మార్చుకోక తప్పలేదు. సాన్‌ఫ్రాన్సిస్కోలో ఇప్పుడు ఒకటి కాదు, రకరకాల మండళ్ళున్నాయి. పెద్ద విందులు నిర్వహించే సహాయక సంఘం వేరు, ఉద్యోగాల్లో ఉన్న యువతరానిది వేరు, చేతిసాయం చేసే వాలంటీర్లది వేరు. ఆ చివరిదాని పేరు బ్రావో. మొగవాళ్ళూ ఉన్నారు, ఉద్యోగ విరమణ చేసినవాళ్ళూ ఉన్నారు. విందుల సంగతి నాకంతగా నచ్చదు. ఒక్క రాత్రి భోజనానికి వేలడాలర్లు పెట్టినవాళ్ళ ఫోటోలే పత్రికల్లో వస్తాయి, చీరలమీద, అదే గౌన్లమీద వ్యాఖ్యానాలు వస్తాయి. కాని ఆ ఒక్క రాత్రి రాబడి ఎన్ని జతల జోళ్ళు కొంటుందో లెక్క చూశాక నోరు మూసుకోవాల్సి వస్తుంది.

సంఘాలకీ ముసలితనం ఉంది. న్యూయార్కులో మెట్రోపాలిటన్ ఆపెరా మూతపడే స్థితికి వచ్చినప్పుడు, 1935లో ఎలినర్ బెల్మాంట్ అనే ఒకప్పటి నటి ఓ గిల్డు పెట్టి దాన్ని గట్టెక్కించింది. ఆపెరా అంటే పాటల నాటకం, బాలేకి అక్కలాంటిది. వేలమంది సామాన్య శ్రోతలచేత చందా కట్టించి, పత్రిక నడిపి, బడిపిల్లలకి ఆటలు చూపించిన ఆ గిల్డు 2023లో డబ్బు చాలక తన కార్యక్రమాలు చాలించుకుంది. ఎనభైయెనిమిదేళ్ళు! ఒకర్ని నిలబెట్టడానికి పుట్టిందానికే నిలబెట్టేవాళ్ళు కరవయ్యారు. ఇది చదివినప్పుడు నాకు దిగులేసింది.

దానికి మూడేళ్ళ ముందు, 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు సాన్‌ఫ్రాన్సిస్కో బృందం ఒక కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక్క రాత్రి ఆడింది. మర్నాడు హాలు మూసేయమని నగరం ఉత్తర్వు. ప్రపంచంలో ఎక్కడి బాలేకైనా ఆ ఏడు అదే గతి. క్రిస్మస్ ఆట కూడా పోయింది, అంటే సగం గింజలు పోయినట్టే. టిక్కెట్లు ముందే కొన్నవాళ్ళకి డబ్బు వాపసివ్వాలి. అప్పుడు చాలా ఊళ్ళల్లో అభిమానులు డబ్బు వెనక్కి పుచ్చుకోకుండా విరాళం కింద రాసుకోండి అన్నారు. ఇళ్ళల్లో తలుపులేసుకుని ఎవరి ప్రాణం వాళ్ళు కాపాడుకుంటున్న రోజులవి. ఎవరూ గాలాలు వెయ్యలేదు, విందులు పెట్టలేదు, ఒక ఉత్తరం వెళ్ళింది, అంతే.

మన దగ్గర లేవా ఇలాంటివి అంటే, ఉన్నాయి. మన ఊళ్ళ సభలు, సమితులు, కళాపరిషత్తులు చందాదారుల మీద నడిచినవే. కాని మన సభలు ఎక్కువగా వచ్చి ఆడిపోయేవాళ్ళని పిలుస్తాయి, సన్మానం చేస్తాయి, శాలువా కప్పుతాయి. ఒక్క బృందాన్ని మాది అనుకుని, వాళ్ళ జీతాలు, జబ్బులు, జోళ్ళు అన్నీ తలకెత్తుకుని ఇరవై ముప్ఫై ఏళ్ళు వెంట నడవడం మనకింకా అంతగా అలవాటు కాలేదు. శాలువా ఖరీదుతో ఎన్ని గజ్జెల వరసలు వస్తాయో ఎవరైనా లెక్క వేసి చూస్తే బాగుండును. నాట్యం నేర్పే గురువుగారి ఇంటికి వెళ్ళి, అమ్మా మీకు ఏం కావాలి అని అడిగితే, నా అనుభవంలో వాళ్ళు శాలువా అని ఎప్పుడూ అనలేదు. ఒకావిడ, వానాకాలం హాల్లో కారుతోంది, పై రేకులు మార్పించండి అంది.

మీ పిల్లలు ఆ దేశాల్లో ఉండి, పురుళ్ళకో పుణ్యాలకో మీరు ఆర్నెల్లు వెళ్ళి ఉన్నారనుకోండి. మాల్స్ చూపిస్తారు, జలపాతాలు చూపిస్తారు. ఒక సాయంత్రం బాలేకి కూడా తీసుకెళ్ళమనండి. పై అంతస్తులో చివరి వరస టిక్కెట్టు అంత ప్రియం ఉండదు. విరామంలో కాఫీకి పోకుండా, చాలా హాళ్ళల్లో కంపెనీవాళ్ళ చిన్న దుకాణం ఉంటుంది, అక్కడికి వెళ్ళండి. బల్ల వెనకాల నెరిసిన జుట్టుతో ఎవరో ఒకావిడ నిలబడి ఉంటుంది. ఆవిడ జీతగత్తె కాకపోవచ్చు. మన ఇంగ్లీషు ఎలా ఉన్నా ఏమనుకోదు. అక్కడ పాత జోళ్ళు అమ్మకానికి పెట్టి ఉంటే, వాటి మీద నర్తకి సంతకం కూడా ఉంటుంది, ఒకటి చేతికివ్వమని అడగండి. ఎవరు తొడిగారో, ఏ ఆటలో తొడిగారో ఆవిడే చెప్తుంది. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందో కూడా చెప్తుంది. కొనకపోయినా ఫరవాలేదు, ముందు కొసని బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూడండి. మెత్తగా దిగిపోతుంది.

ఇక సెలవు.